అడ్డసాలు

నా ఉద్యోగం బురద తూచడం.
రాత్రి వాన పడితే
తెల్లారి దేవనహళ్ళి బస్సులో కిటికీ పక్క సీటు,
ఒళ్ళో టిఫిన్ బాక్సు, సంచిలో పది ఖాళీ సీసాలు.

మా పరిశోధన క్షేత్రంలో పక్కపక్కనే రెండు మళ్ళు.
ఒకటి వాలు వెంట దున్నింది,
ఒకటి వాలుకు అడ్డంగా.
దిగువన చెరొక డ్రమ్ము.
నీళ్ళు కలియబెట్టి, సీసాకెత్తి, వడగట్టి,
ఓవెన్‌లో ఎండబెట్టి
మిగిలిన ఎర్రపొడిని తూచి రిజిస్టరులో రాస్తాను.
మొదటి డ్రమ్ము ఎప్పుడూ టీలా ఉంటుంది.
రెండోది, టీ తాగాక తొలిచిన గ్లాసులా.
ఇరవై రెండేళ్ళుగా ఈ ఒక్క వాక్యాన్నే
అంకెల్లో రాస్తున్నాను.

కంచెకు అవతల పిళ్ళమ్మ చేను, ఎకరన్నర.
ఆమెకు డ్రమ్ము లేదు.
వాన వెలిశాక గెనిమ మీద కూచుని
నీళ్ళు పోయిన దారి చూస్తుంది,
చెప్పకుండా వెళ్ళిపోయిన చుట్టం అడుగులు చూసినట్టు.
"ఈడ తెగింది" అని ఒక మాట.
రెండు పారల మన్ను, నాలుగు వట్టివేరు దుబ్బులు.
అదే ఆమె రిజిస్టరు.

ఎనిమిది సాళ్ళ రాగికి ఒక సాలు అనప.
చుట్టూ అంచున ఆముదం.
ఆ అనప సాలును ఇక్కడ 'అక్కడి సాలు' అంటారు.
కన్నడం మాట. నా తెలుగు చెవికి మాత్రం
అదిగో, అక్కడిది, మనది కానిది,
ఎక్కడినుంచో వచ్చి కాపలా నిలబడ్డది అన్నట్టు వినిపిస్తుంది.
చెబితే పిళ్ళమ్మ నవ్వింది. ఆమెదీ తెలుగే,
రాగిముద్దలా గుండ్రంగా, వేడిగా.
"యాడిదైతే ఏమప్పా, ఆకు రాలుస్తుంది గదా."

కోత అయ్యాక కొయ్యకాళ్ళు పీకనివ్వదు.
పొయ్యిలోకని ఎవరడిగినా ఇవ్వదు.
"ఎండకాలం నేల ఏం కప్పుకోవాల?"

పోయినేడు చేలో రాళ్ళు పాతారు,
ఒంటికి సున్నం, నెత్తికి పసుపు పెయింటు, పక్కన నంబరు.
మరిది కొడుకులు సంతకాలు పెట్టేశారు.
అయినా ఆరుద్రకు మడక కట్టించింది.
రాయి అడ్డొస్తే రాయి చుట్టూ తిప్పి
మళ్ళీ వాలుకు అడ్డంగానే.

ఉండబట్టలేక అడిగాను,
పన్నెండంతస్తులు లేచే చోట
ఈ గెనిమలు ఎవరికమ్మా?
ఆమె నా సీసాల సంచి వైపు చూసింది.
"అమ్మేసినారని వానకి తెలుసునా?"

రాగి కోసిన వారానికి జేసీబీ వచ్చింది.
జానెడు లోతు పైమన్ను గీకి
లారీలకెత్తుతుంటే కంచె పట్టుకుని నిలబడ్డాను.
అలవాటు కదా, లెక్క వేశాను.
అంత మన్ను పోగొట్టుకోవడానికి
మా చెడ్డ మడికి కూడా రెండు వందల ఏళ్ళు కావాలి.
దీనికి భోజనం వేళ వరకూ పట్టింది.

పిళ్ళమ్మ ఇప్పుడు హొసకోటె దగ్గర చెల్లెలింట్లో ఉందట.
కౌలుకు తీసుకున్న ఎవరిదో చేలో గెనిమ కడుతోందట.

మొన్న మల్లేశ్వరం నర్సరీలో
'గార్డెన్ ఎర్రమట్టి, ఇరవై కిలోలు'
సంచి కొని మూడో అంతస్తు మేడకి మోసుకొచ్చాను,
కరివేపాకు కోసం.
కరివేపాకు ఇంకా బిగుసుకునే ఉంది.
పక్కన అడగని మొలక,
రెండు దళసరి ఆకులు. అనప.

పిళ్ళమ్మ చేనిదే అని చెప్పలేను.
ఈ ఊళ్ళో లారీలు ఎన్నో, చేలు ఎన్నో.
తూచనిది రాయకూడదు నా వృత్తిలో.

పీకలేదు.
సంచికి వాలుండదు, నాకు తెలుసు.
నీళ్ళు పోసే ముందు
వేలితో అడ్డంగా
ఒక సాలు గీశాను.